లూయీ పాశ్చర్

లూయీ పాశ్చర్ (డిసెంబరు 27, 1822 – సెప్టెంబరు 28, 1895) ఫ్రాన్సు దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త, సూక్ష్మజీవ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు. పదార్థాలు పులియడానికీ, చెడిపోవడానికీ సూక్ష్మజీవులే కారణమని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. పాలు, ద్రాక్షసారా వంటివి చెడిపోకుండా వేడి చేసే పద్ధతికి ఈయన పేరు మీదనే పాశ్చరైజేషన్ అనే పేరు వచ్చింది. కోళ్ళ కలరాకు, పశువుల దొమ్మ రోగానికి టీకాలు తయారు చేశాడు. అన్నిటికంటే సామాన్య ప్రజలకు ఈయన పేరును చిరస్మరణీయం చేసింది పిచ్చికుక్క కాటు వలన వచ్చే రేబిస్ వ్యాధికి 1885లో కనుగొన్న చికిత్స. పాశ్చర్ వైద్యుడు కాదు. వైద్యవిద్య చదవలేదు, రోగికి స్వయంగా సూదిమందు ఇచ్చే అధికారం కూడా ఆయనకు లేదు. అయినప్పటికీ నేడు గుంటూరు, ప్రకాశం జిల్లాల మారుమూల గ్రామంలో కుక్క కరిచిన పిల్లవాడికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేసే టీకా ఈయన ప్రయోగశాలలో మొదలైన మార్గానికి కొనసాగింపే.

బాల్యం, విద్యాభ్యాసం

పాశ్చర్ తూర్పు ఫ్రాన్సులోని జ్యూరా పర్వత ప్రాంతంలో, డోల్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్ జోసెఫ్ పాశ్చర్ నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్ళు ఊనే వృత్తిలో స్థిరపడ్డాడు. తరువాత కుటుంబం ఆర్బ్వా అనే చిన్న పట్టణానికి మారింది. లూయీ బాల్యమంతా అక్కడే గడిచింది. చదువులో మొదట అంత చురుకైన విద్యార్థి కాదు. చిత్రలేఖనం మీద మక్కువ ఎక్కువ. ఆ వయసులో ఈయన గీసిన తల్లిదండ్రుల, ఇరుగుపొరుగువారి చిత్రాలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

1831 అక్టోబరులో ఆర్బ్వా పరిసరాలలో ఒక పిచ్చి తోడేలు సంచరించి అనేకమందిని కరిచింది. అప్పటికి లూయీ వయసు 8 సంవత్సరాలు. కాటు తిన్నవారిని కమ్మరి కొలిమి వద్దకు తీసుకొనిపోయి, గాయాల మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారు. ఆ కాలంలో తెలిసిన వైద్యం అదొక్కటే. ఇంత బాధ పడినా వారిలో కొందరు దక్కలేదు. ఈ సంఘటన బాలుని మనసులో నిలిచిపోయిందని జీవిత చరిత్రకారులు వ్రాశారు. కేవలం దీని వలననే రేబిస్ పరిశోధన చేపట్టాడని చెప్పడం అతిశయోక్తి అవుతుంది గానీ, ఆ వ్యాధి ఎంత భయంకరమైనదో ఆయనకు పుస్తకాల ద్వారా తెలియవలసిన అవసరం లేకపోయింది.

బెజాన్సోన్‌లో చదివి 1840లో సాహిత్యంలోను, 1842లో విజ్ఞాన శాస్త్రంలోను పట్టాలు పొందాడు. రెండవ పరీక్షలో రసాయన శాస్త్రంలో సాధారణమైన మార్కులే వచ్చాయి. 1843లో పారిస్‌లోని ప్రఖ్యాత ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో చేరి, 1847లో డాక్టరేటు పొందాడు.

స్ఫటికాల నుండి సూక్ష్మజీవుల వరకు

1848లో టార్టారిక్ ఆమ్లానికి సంబంధించిన లవణాలను పరిశీలిస్తూ, చూడటానికి ఒకేలా ఉన్న స్ఫటికాలలో నిజానికి రెండు రకాలు ఉన్నాయని, అవి కుడిచేయి ఎడమచేయి వలె ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలని కనుగొన్నాడు. ఆ చిన్న స్ఫటికాలను సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటిగా ఏరి వేరుచేశాడు. అణువుల ఆకృతిని గురించిన అధ్యయనానికి ఇదే నాంది. 1849లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా చేరి, ఆ సంవత్సరమే మే 29న మరీ లోరాన్‌ను వివాహమాడాడు. ఆమె జీవితాంతం భర్త పరిశోధనలలో లేఖకురాలిగా, సహాయకురాలిగా నిలిచింది.

1854లో లీల్ నగరంలో విజ్ఞానశాస్త్ర విభాగానికి అధిపతిగా నియమితుడయ్యాడు. అది పారిశ్రామిక ప్రాంతం. బీట్‌రూట్ నుండి సారాయి తయారు చేసే వ్యాపారి ఒకరు 1856లో తన తొట్లలో సరుకు పులిసి పాడైపోతున్నదని ఈయన సహాయం కోరాడు. మంచి తొట్లలో గుండ్రని ఈస్టు కణాలు, పాడైన తొట్లలో వాటికంటే చిన్నవైన కడ్డీల వంటి జీవులు కనిపించాయి. పులియడం అనేది నిర్జీవమైన రసాయన చర్య కాదని, ఒక్కొక్క రకమైన పులియబెట్టడానికి ఒక్కొక్క జీవి కారణమని పాశ్చర్ నిర్ధారణకు వచ్చాడు. 1857లో మరల పారిస్ చేరి, ఎకోల్ నార్మాల్‌లో పరిపాలకుడుగా, విజ్ఞాన విభాగపు నిర్దేశకుడుగా పనిచేశాడు.

జీవులు మురుగులోను, కుళ్ళిన పదార్థాలలోను వాటంతట అవే పుడతాయని అప్పటికి చాలామంది విశ్వసించేవారు. పాశ్చర్ హంసమెడ వంటి వంపు కలిగిన గాజు కుప్పెలలో పోషక ద్రవాన్ని మరిగించి ఉంచాడు. గాలి లోనికి పోతుంది గానీ, గాలిలోని ధూళి ఆ వంపులోనే ఆగిపోతుంది. ద్రవం నెలల తరబడి చెడిపోలేదు. మెడ విరిచివేసినప్పుడు కొద్దిరోజులలోనే చెడిపోయింది. 1860లో ఆల్ప్స్ పర్వతాలలోని హిమనదం మీద 20 కుప్పెలు తెరిచి మూయగా వాటిలో ఒక్కటి మాత్రమే చెడిపోయింది. ఆర్బ్వా సమీపంలోని పొలాలలో తెరిచిన 20 కుప్పెలలో 8 చెడిపోయాయి. ఈ కృషికి 1862లో ఫ్రెంచి శాస్త్ర అకాడమీ బహుమతి లభించింది. ఇదే కాలంలో ద్రాక్షసారాను 50 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి నిలవ ఉంచే పద్ధతిని కనిపెట్టి, 1865లో పేటెంటు తీసుకున్నాడు. దీనిని పాలకు వర్తింపజేసినవారు ఇతరులు. వడ్లమూడిలోని సంగం డెయిరీ నుండి వచ్చే పాల ప్యాకెట్టుపై కనిపించే పాశ్చరైజ్డ్ అనే మాట ఆ విధంగా వచ్చినదే.

పట్టుపురుగులు, కుటుంబ విషాదాలు

1865లో దక్షిణ ఫ్రాన్సులో పట్టుపురుగులకు తెగులు సోకి రైతులు దివాలా తీశారు. ప్రభుత్వ కోరికపై పాశ్చర్ ఆలెస్ ప్రాంతానికి వెళ్ళి దాదాపు 5 సంవత్సరాలు కృషి చేశాడు. అంతవరకు ఆయన పట్టుపురుగును చూసి ఎరుగడు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినితో పరీక్షించి, రోగచిహ్నాలు ఉంటే ఆ గుడ్లను తగులబెట్టే విధానాన్ని ప్రవేశపెట్టాడు. హిందూపురం ప్రాంతపు పట్టు రైతులకు అందే రోగరహితమైన గుడ్లు నేటికీ ఈ పరీక్ష జరిగిన తరువాతనే వస్తాయి.

ఈ సంవత్సరాలు పాశ్చర్ కుటుంబానికి గడ్డుకాలం. ఐదుగురు సంతానంలో జాన్ అనే పెద్ద కుమార్తె 1859లో టైఫాయిడ్‌తో మరణించింది. 1865లో కామీ, 1866లో సెసీల్ అనే మరి ఇద్దరు కుమార్తెలు చనిపోయారు. 1868 అక్టోబరులో పాశ్చర్‌కు పక్షవాతం వచ్చి శరీరపు ఎడమభాగం పాక్షికంగా చచ్చుబడింది. అప్పటికి వయసు 45. ఆ తరువాత 27 సంవత్సరాలు ఆ లోపంతోనే జీవించాడు. ఈయన టీకాలన్నీ ఆ తరువాత వచ్చినవే. సున్నితమైన చేతిపని అంతా సహాయకుల మీద ఆధారపడవలసి వచ్చింది.

కోళ్ళ కలరా, దొమ్మ రోగం

1879-80లో కోళ్ళ కలరా క్రిములను ప్రయోగశాలలో పెంచుతుండగా, చాలాకాలం నిలవ ఉన్న క్రిములు కోళ్ళను చంపలేకపోయాయని, పైగా ఆ కోళ్ళకు తరువాత తాజా క్రిములను ఎక్కించినా రోగం రాలేదని గమనించారు. క్రిమి తీవ్రతను మనిషి తన ఇష్టానుసారం తగ్గించి రక్షణగా వాడవచ్చునన్న ఆలోచన ఇక్కడ రూపుదిద్దుకున్నది. జెన్నర్ మశూచికి వాడిన గోమశూచి ప్రకృతిలో దొరికినది. పాశ్చర్ తయారు చేసినది ప్రయోగశాలలో పుట్టినది. కోళ్ళ కలరా క్రిమి తరగతికి తరువాత పాశ్చురెల్లా అని ఈయన పేరే పెట్టారు. తొలకరి వానలకు మన గేదెలకు వచ్చే గొంతువాపు (గురక వ్యాధి) కూడా ఈ తరగతి క్రిమి వలననే వస్తుంది.

1881 మే 5న పుయీ లె ఫోర్ అనే గ్రామంలో దొమ్మ రోగపు టీకాను బహిరంగంగా పరీక్షించాడు. సుమారు 50 గొర్రెలలో సగానికి టీకా వేసి, మే 31న అన్నిటికీ తీవ్రమైన క్రిములను ఎక్కించారు. జూన్ 2న రైతులు, పశువైద్యులు, పత్రికలవారు గుమిగూడి చూడగా టీకా వేసిన గొర్రెలు మేత మేస్తున్నాయి, తక్కినవి చచ్చిపడి ఉన్నాయి, లేదా చావడానికి సిద్ధంగా ఉన్నాయి. ఈ వార్త ఐరోపా అంతటా వ్యాపించింది.

రేబిస్ పరిశోధన

రేబిస్‌ను తెలుగులో పిచ్చికుక్క వ్యాధి, జలభయం అని వ్యవహరిస్తారు. సుశ్రుత సంహిత కల్పస్థానంలోనే పిచ్చికుక్క లక్షణాలు, కాటు తిన్నవారికి నీటిని చూస్తే కలిగే భయం వర్ణించబడ్డాయి. వ్యాధి సోకిన జంతువు లాలాజలంలోని వైరస్ గాయం ద్వారా ప్రవేశించి, నరాల వెంట మెల్లగా మెదడు చేరుతుంది. సాధారణంగా ఇందుకు రెండు మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం రోజులలో, మరికొందరిలో సంవత్సరానికి లక్షణాలు బయటపడవచ్చు. గాయం తలకు దగ్గరగా ఉంటే వ్యవధి తగ్గుతుంది. లక్షణాలు కనిపించిన తరువాత మరణం దాదాపు తప్పదు.

పాశ్చర్ 1880 డిసెంబరులో ఈ పరిశోధన ప్రారంభించాడు. రోగకారకాన్ని సూక్ష్మదర్శినిలో చూడలేకపోయాడు, కుప్పెలలో పెంచలేకపోయాడు. వైరస్‌లను చూడగల సాధనాలు అప్పటికి లేవు. లియోన్‌కు చెందిన పశువైద్యుడు విక్తర్ గాల్తియే 1879లోనే వ్యాధిని కుందేళ్ళకు సోకింపజేయవచ్చునని చూపాడు. పాశ్చర్ అనుచరుడైన ఎమిల్ రూ కపాలానికి రంధ్రం చేసి నేరుగా మెదడు పొర క్రిందకు వ్యాధి పదార్థాన్ని ఎక్కించే పద్ధతిని రూపొందించాడు. ఒక కుందేలు నుండి మరొక కుందేలుకు వరుసగా ఎక్కించుకుంటూ పోగా, వ్యాధి బయటపడే గడువు తగ్గి తగ్గి 6-7 రోజుల వద్ద స్థిరపడింది. చచ్చిన కుందేళ్ళ వెన్నుపామును, తేమను పీల్చే కాస్టిక్ పొటాష్ అడుగున ఉంచిన సీసాలో వ్రేలాడదీసి ఆరబెట్టారు. రోజులు గడిచేకొద్దీ దాని తీవ్రత తగ్గి, సుమారు 14 రోజులకు పూర్తిగా నశించింది. బాగా ఎండిన దానితో మొదలుపెట్టి, రోజురోజుకూ తాజాదానివైపు వస్తూ సూదులు వేస్తే కుక్కలకు రక్షణ ఏర్పడుతున్నట్లు తేలింది. కాటుకూ వ్యాధికీ నడుమ దొరికే ఆ గడువులోనే శరీరాన్ని సిద్ధం చేయాలన్నది పాశ్చర్ ఊహ.

1885 జూలై 4న అల్సాస్ ప్రాంతంలో జోసెఫ్ మైస్టర్ అనే 9 సంవత్సరాల బాలుని పిచ్చికుక్క 14 చోట్ల కరిచింది. స్థానిక వైద్యుడు 12 గంటల తరువాత గాయాలను కార్బాలిక్ ఆమ్లంతో కాల్చాడు. తల్లి బాలుని వెంటబెట్టుకొని జూలై 6న పారిస్ చేరింది. పాశ్చర్ నిర్ణయించుకోలేక వుల్పియన్, గ్రాంషే అనే ఇద్దరు వైద్యులను సంప్రదించాడు. ఏమీ చేయకపోతే బాలుడు దక్కడని వారిద్దరూ అభిప్రాయపడ్డారు. ఆ రాత్రి 8 గంటలకు గ్రాంషే మొదటి సూది వేశాడు. 10 రోజులలో మొత్తం 13 సూదులు వేశారు. చివరిది ఒక్కరోజు మాత్రమే ఆరబెట్టిన, అత్యంత తీవ్రమైన పదార్థం. ఆ రాత్రులు పాశ్చర్‌కు సరిగా నిద్ర లేదు. మైస్టర్ ఆరోగ్యంగా ఇంటికి తిరిగి వెళ్ళాడు.

అక్టోబరులో జాన్ బాప్తిస్త్ జుపీ అనే 15 సంవత్సరాల గొర్రెల కాపరి, తోటి పిల్లలను కాపాడటానికి పిచ్చికుక్కతో పెనుగులాడి గాయపడ్డాడు. ఆరు రోజుల తరువాత అతనికి చికిత్స మొదలయింది. అతనూ బ్రతికాడు. అక్టోబరు 26న పాశ్చర్ అకాడమీలో ఫలితాలను ప్రకటించాడు.

కొద్దిరోజులకే లూయీజ్ పెల్తియే అనే 10 సంవత్సరాల బాలికను తీసుకొని వచ్చారు. తలపై లోతైన గాయం. కరిచి అప్పటికి 37 రోజులు గడిచిపోయాయి. సమయం మించిపోయిందని పాశ్చర్‌కు తెలుసు. చికిత్స విఫలమైతే కొత్త పద్ధతికి చెడ్డపేరు వస్తుందని కూడా తెలుసు. తల్లిదండ్రుల వేడుకోలును కాదనలేక చికిత్స చేశాడు. డిసెంబరు 3న ఆ బాలిక మరణించింది. చికిత్స గొప్పదే అయినా ఆలస్యాన్ని అది జయించలేదని మొదటి సంవత్సరంలోనే తేలిపోయింది. మైస్టర్ పేరు ప్రపంచమంతటికీ తెలుసు. పెల్తియే పేరు తెలిసినవారు తక్కువ. కుక్కకాటు విషయంలో రెండవ పేరు కూడా తెలిసి ఉండవలసినదే.

1886 మార్చిలో రష్యాలోని స్మోలెన్స్క్ నుండి తోడేలు కరిచిన 19 మంది రైతులు పారిస్ వచ్చారు. వారిలో 16 మంది బ్రతికారు. 1886 చివరకు చికిత్స పొందినవారి సంఖ్య 2,400 దాటింది.

పాశ్చర్ సంస్థ, చివరి రోజులు

ప్రజల విరాళాలు, రష్యా చక్రవర్తి వంటివారి కానుకలతో పారిస్‌లో పాశ్చర్ సంస్థ ఏర్పడి, 1888 నవంబరు 14న ప్రారంభమయింది. అప్పటికే పాశ్చర్ ఆరోగ్యం క్షీణించింది. 1892 డిసెంబరు 27న 70వ జన్మదినం సందర్భంగా సోర్బాన్‌లో జరిగిన సన్మానానికి శస్త్రచికిత్సలో క్రిమినాశనులను ప్రవేశపెట్టిన జోసెఫ్ లిస్టర్ హాజరయ్యాడు. 1895 సెప్టెంబరు 28న పారిస్ సమీపంలోని మార్న్ లా కొకెత్‌లో పాశ్చర్ మరణించాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. సమాధి పాశ్చర్ సంస్థ భవనంలోనే ఉన్నది. జోసెఫ్ మైస్టర్ పెద్దవాడై ఆ సంస్థలోనే ద్వారపాలకునిగా పనిచేసి, 1940లో మరణించాడు.

విమర్శలు

పాశ్చర్ జీవించి ఉండగానే తీవ్రమైన విమర్శలు వచ్చాయి. పిచ్చికుక్క కరిచిన ప్రతివారికీ వ్యాధి రాదు కాబట్టి, బ్రతికినవారందరూ టీకా వలననే బ్రతికారని చెప్పలేమని మిషెల్ పీటర్ అనే వైద్యుడు వాదించాడు. ఆ వాదనను కొట్టిపారేయడానికి వీలులేదు. ఇంగ్లండు ప్రభుత్వం నియమించిన సంఘం స్వయంగా ప్రయోగాలు చేసి 1887లో పాశ్చర్ పద్ధతిని సమర్థించింది. అయితే ఆ దేశం చికిత్సతో సరిపెట్టుకోలేదు. కుక్కల మూతులకు చిక్కాలు తప్పనిసరి చేసి, దిగుమతులను కట్టడి చేసి 1902 నాటికి వ్యాధినే తొలగించింది.

తన ప్రయోగ పుస్తకాలను ఎవరికీ చూపవద్దని పాశ్చర్ కుటుంబ సభ్యులను కోరాడు. మనుమడు వాటిని ఫ్రెంచి జాతీయ గ్రంథాలయానికి అప్పగించిన తరువాత, చరిత్రకారుడు జెరాల్డ్ గీసన్ వాటిని పరిశీలించి 1995లో ఒక గ్రంథం ప్రకటించాడు. దాని ప్రకారం మైస్టర్‌కు వాడిన క్రమంలోనే కుక్కల మీద చేసిన ప్రయోగాలు అప్పటికి పూర్తి కాలేదు. మైస్టర్‌కు ముందే ఇద్దరిపై చికిత్స ప్రయత్నించి ప్రకటించలేదు. వారిలో ఒక బాలిక మరణించింది. పుయీ లె ఫోర్‌లో వాడిన టీకా కూడా పాశ్చర్ చెప్పినట్లు గాలిలో ఉంచి తీవ్రత తగ్గించినది కాక, సహాయకుడు షాంబర్లాన్ రసాయనంతో తయారు చేసినది. రసాయనాలతో దొమ్మ టీకా చేసే ప్రయత్నంలో తూలూజ్‌కు చెందిన తుసేన్ ముందున్నాడు. అతనికి రావలసిన గుర్తింపు రాలేదు. మైస్టర్ చికిత్స తొందరపాటని భావించి రూ అందులో పాల్గొనలేదు. ఈ విషయాల వలన పాశ్చర్ కృషి విలువ తగ్గదు గానీ, పాఠ్యపుస్తకాలలో కనిపించే మచ్చలేని మహాపురుషుని చిత్రాన్ని సవరించుకోవలసి ఉన్నది.

తెలుగు నేలపై పాశ్చర్ చికిత్స

భారతదేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయ ప్రాంతంలోని కసౌలిలో ప్రారంభమయింది. దక్షిణాదివారికి అది అందని దూరం. 1902లో సకాలంలో చికిత్స అందక ఒక ఆంగ్లేయ యువతి మరణించిన తరువాత మద్రాసు రాజధానిలో కదలిక వచ్చింది. అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళంలో కొంతభాగంతో నీలగిరులలోని కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ సంస్థ ఏర్పడి, 1907 ఏప్రిల్‌లో పని ప్రారంభించింది. అప్పటి గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలోనిది. నేటి ప్రకాశం జిల్లా ఇంకా ఏర్పడలేదు. ఒంగోలు, బాపట్ల ప్రాంతాల నుండి కూనూరు చేరాలంటే సముద్రతీరపు మార్గంలో మద్రాసుకు, అక్కడి నుండి మేట్టుపాళయానికి, ఆ తరువాత కొండ రైలులో పైకి వెళ్ళాలి. కూలి చేసుకొని బ్రతికే కుటుంబానికి ఇంత ప్రయాణం, అన్ని రోజుల మకాం ఎంత భారమో ఊహించవచ్చు. ఊరిలోని పసరు మందుకు, మంత్రానికి అంత పలుకుబడి కలగడానికి అజ్ఞానం ఒక్కటే కారణం కాదు, దూరం కూడా కారణమే.

ఈ దూరాన్ని తగ్గించినవాడు కసౌలి సంస్థ తొలి సంచాలకుడు డేవిడ్ సెంపుల్. 1911లో ఆయన జంతువుల మెదడులో పెంచిన వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో చంపి టీకా తయారు చేశాడు. దానిని సీసాలలో ఇతర ఊళ్ళకు పంపవచ్చు. దీనితో రోగి కొండకు పోవడం మాని, మందే జిల్లా ఆసుపత్రికి రావడం మొదలయింది. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ కూడా గొర్రె మెదడు టీకాను తయారు చేసేది. బొడ్డు చుట్టూ 14 సూదులు అని తెలుగువారు భయంగా చెప్పుకొనేది ఈ టీకాను గురించే. నొప్పి ఒక్కటే దాని లోపం కాదు. గొర్రె మెదడు పదార్థం వలన అరుదుగా కొందరికి పక్షవాతం వచ్చేది. 2004 చివరకు దేశంలో ఈ టీకా నిలిచిపోయింది. ప్రయోగశాలలో కణాలపై పెంచిన వైరస్‌తో చేసే సురక్షితమైన టీకాలు దాని స్థానంలోకి వచ్చాయి. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసే అభయ్‌రాబ్ అటువంటిదే. 14 సూదులు పోయి రెండు దశాబ్దాలు దాటినా వాటి భయం మాత్రం పెద్దవారిలో ఇంకా పూర్తిగా పోలేదు. పిల్లవాడు కుక్క కరిచిన సంగతి ఇంట్లో దాచిపెట్టడానికి ఈ భయమూ ఒక కారణం.

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాలలో ఈ ప్రమాదానికి ప్రత్యేకమైన పరిస్థితులున్నాయి. పత్తి తీతకు, మిరప కోతకు కర్నూలు మొదలైన ప్రాంతాల నుండి కూలీలు పిల్లాపాపలతో వలస వచ్చి పొలాల దగ్గర గుడిసెలలో ఉంటారు. కాయలు ఎండే కళ్ళాల వద్ద రాత్రులు ఆరుబయట కాపలా పడుకుంటారు. ఆ చుట్టుపక్కల ఊరకుక్కలు తిరుగుతుంటాయి. గాయానికి చేతికందే మందు కారం. కారం అద్దితే విషం చస్తుందన్న నమ్మకం ప్రబలంగా ఉన్నది. సున్నం, పసుపు, నూనె, ఆకు పసరు కూడా పెడతారు. కారం మంట పుట్టిస్తుందే గానీ వైరస్‌ను చంపదు. గాయాన్ని రేపి మరింత హాని చేస్తుంది. ఆర్బ్వా కొలిమిలో పెట్టిన వాతకూ దీనికీ పెద్ద తేడా లేదు.

నేటి వైద్యవిధానంలో మొదటి పని గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగడం. వైరస్ పైపొర సబ్బుకు కరిగిపోతుంది. పొలంలో బోరు మోటారు క్రింద అయినా ఈ పని చేయవచ్చు. కట్టు గట్టిగా కట్టకూడదు. తప్పనిసరి అయితే తప్ప వెంటనే కుట్లు వేయకూడదు. చర్మం చెక్కుచెదరకుండా జంతువు నాకితే చికిత్స అవసరం లేదు. రక్తం రాని గీరుడుకు టీకా వేయాలి. చర్మం చీలి రక్తం వస్తే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. టీకా పనిచేసి శరీరం స్వయంగా రక్షణ పదార్థాలను తయారు చేసుకొనే లోపున ఇది కాపాడుతుంది. ఆ కాలంలో ఇది లేకపోవడం పాశ్చర్ చికిత్సకు ఉన్న పెద్ద లోటు. ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణంగా టీకాను చర్మం పొరలో, మొదటి రోజుతో కలిపి 0, 3, 7, 28వ రోజులలో, ప్రతిసారి రెండు చోట్ల వేస్తారు. కండరంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులలో 5 మోతాదులు. రెండూ చేతి పైభాగంలోనే, బొడ్డు దగ్గర కాదు. టీకా ఉచితం. కోత ముగిసి వలస కూలీలు ఊరు వెళ్ళిపోవడంతో చివరి మోతాదు తప్పిపోయే అవకాశం ఎక్కువ. ఆసుపత్రి చీటీ దగ్గర ఉంచుకుంటే స్వగ్రామంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మిగిలినది వేయించుకోవచ్చు. కుక్క పది రోజులు గడిచినా బ్రతికి ఆరోగ్యంగా ఉంటే కాటు సమయంలో దానికి రేబిస్ లేదని అర్థం. అయితే ఆ పది రోజులు చికిత్స మొదలుపెట్టకుండా ఎదురుచూడటం సరికాదు. ఆలస్యంగా వచ్చినవారికి కూడా టీకా నిరాకరించరు. లక్షణాలు రానంతవరకు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

పిచ్చికుక్క కరిచిన గేదె చనిపోయినప్పుడు దాని పాలు, మజ్జిగ త్రాగినవారందరూ భయంతో ఆసుపత్రికి పరుగులు తీయడం పల్లెలలో కనిపిస్తుంది. పాల ద్వారా మనుషులకు వ్యాధి సోకినట్లు ఆధారాలు లేవు. కాచిన పాలలో వైరస్ బ్రతకదు. ఆ గేదె నోటిలో చేయిపెట్టి మందు త్రాగించినవారికి మాత్రం నిజంగానే టీకా అవసరం. సాధారణంగా వారే రారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. మనుషులకు సోకే వ్యాధిలో 99 శాతం వరకు కుక్కల వలననే. భారతదేశంలో మరణాలు 20,000 వరకు ఉంటాయని పూర్వం లెక్క వేయగా, 2024లో ప్రచురితమైన సర్వే సుమారు 5,700 అని అంచనా వేసింది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్ మరణాలను 2030 నాటికి నిర్మూలించాలని 2021లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది.

పాశ్చర్ వర్ధంతి అయిన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. మైస్టర్‌కు మొదటి సూది వేసిన జూలై 6 జంతువుల నుండి మనుషులకు సోకే వ్యాధుల దినం. ఆ రోజున ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు.